మెరూన్ అంటే ఏ మెరూన్?

కాచిగూడ నుంచి ఒకప్పుడు మీటర్ గేజ్ మీద నడిచిన పాసింజర్ బండి పెట్టెల రంగేంటి? ఎవర్ని అడిగినా "మెరూన్" అంటారు. సరే, ఏ మెరూన్? ఫోన్‌లో వెతికితే పది ఫోటోలొస్తాయి. ఒకదాంట్లో పెట్టె కుంకుమలా ఉంటుంది, ఇంకోదాంట్లో కాఫీ పొడిలా, మూడోదాంట్లో నేరేడుపండులా. పదీ ఒకే రకం పెట్టెలు. పెయింట్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి ఇది చిన్న సమస్య కాదు.

నేను మోడల్ రైళ్ళు చేస్తాను. అసలు కొలతకి 87వ వంతు, హెచ్‌ఓ స్కేల్ అంటారు. మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు కాబట్టి నా పట్టాల మధ్య పదకొండున్నర రావాలి. దొరికేది 12 మిల్లీమీటర్ల ట్రాక్, దాంతోనే సర్దుకుంటాం. పెట్టెల్ని అట్ట, ప్లాస్టిక్ షీట్‌తో కడతాను. కట్టడం గురించి చెప్పడానికి వీడియోలు బోలెడున్నాయి. రంగు గురించి, అదీ మన ఊరి బండి రంగు గురించి, తెలుగులో నాకెక్కడా కనపడలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ బండి సంగతి కొంచెం. నారాయణగూడ నుంచి నడుచుకుంటూ వెళ్ళేంత దూరంలో ఉన్న కాచిగూడ స్టేషన్‌ని నిజాం హయాంలో 1916లో కట్టారు. నిజాం రైల్వే 1950లో భారతీయ రైల్వేల్లో కలిసింది, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. మన్మాడ్ వెళ్ళే అజంతా ఎక్స్‌ప్రెస్, మహబూబ్‌నగర్ వైపు పాసింజర్లు అన్నీ అప్పట్లో ఇక్కణ్ణుంచి మీటర్ గేజ్ మీదే. 1990ల నుంచి 2000ల మొదటి ఏళ్ళ దాకా ఒక్కో లైనూ బ్రాడ్ గేజ్ అయిపోయింది. నేను పుట్టేసరికి ఆ పట్టాలూ లేవు, ఆ పెట్టెలూ లేవు. ఇప్పుడు మనకి బాగా తెలిసిన నీలం పెట్టెలు కూడా ఊరికే అందం కోసం రాలేదు. పాత వాక్యూమ్ బ్రేకుల పెట్టెలకీ కొత్త ఎయిర్ బ్రేకుల పెట్టెలకీ తేడా తెలియడానికి 1990ల్లో ఆ నీలం మొదలైంది. అంటే మెరూన్ కేవలం రంగు కాదు, దాని కింద ఏ బ్రేకులున్నాయో చెప్పే గుర్తు.

సీఎస్‌ఈ వాళ్ళకి వెంటనే తట్టేది ఒకటే: ఫోటో తెరిచి, కలర్ పిక్కర్‌తో నొక్కి, మూడు అంకెలు రాసుకోవడం. దీనికి నేను ఒప్పుకోను. ఆల్బమ్‌లలో ఉండే పాత కలర్ ప్రింట్లలో మూడు రంగుల పొరలుంటాయి: సయాన్, మెజెంటా, పసుపు. ఆ కాలం కాగితాల్లో చాలావాటికి చీకట్లో దాచినా సరే సయాన్ ముందు వెలిసిపోతుంది. సయాన్ పోతే మిగిలేది ఎరుపు. అందుకే పెద్దవాళ్ళ పెళ్ళి ఫోటోల్లో అందరి మొహాలూ ఎర్రబడి ఉంటాయి. ఎర్ర పెట్టె అలాంటి ప్రింట్‌లో ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. కోడాక్రోమ్ స్లైడ్‌లు నయం, వాటిని చీకట్లో ఉంచితే రంగులు బాగానే నిలబడతాయి. 1970ల్లో, 80ల్లో మన ఆవిరి ఇంజన్ల కోసం విదేశాల నుంచి వచ్చినవాళ్ళు తీసిన మంచి స్లైడ్‌లు కొన్ని ఉన్నాయి. కానీ వాటిని స్కాన్ చేసినవాడు ఏ సెట్టింగ్ పెట్టాడో, బండి పొద్దున ఎండలో ఉందో మధ్యాహ్నం నీడలో ఉందో ఆ మూడు అంకెలు చెప్పవు. ఇంకా వెనక్కి, నిజాం కాలానికి వెళ్తే ఇంకో చిక్కు. ఆర్థోక్రొమాటిక్ అనే పాత నలుపు-తెలుపు ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు. ఆ ఫిల్మ్ మీద ఎర్ర పెట్టె దాదాపు నల్లగా వస్తుంది.

ఫోటో కాకపోతే అంకె. మన దేశంలో పెయింట్లకి ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది, ఒక్కో రంగుకీ ఒక నంబర్: 446 రెడ్ ఆక్సైడ్, 444 టెర్రకోటా, 541 మెరూన్, 537 సిగ్నల్ రెడ్. షేడ్ కార్డు చేతిలో ఉంటే ఎంత హాయో చెప్పలేను, ఎందుకంటే అది నిజమైన పెయింట్, స్క్రీన్ కాదు. కానీ ఆ నంబర్ డబ్బాలో ఉన్న రంగుది. పెట్టె వర్క్‌షాప్ నుంచి బయటికొచ్చిన రోజు మాత్రమే అది నిజం. తర్వాత ఎండ, వాన, పొగ, దుమ్ము. మళ్ళీ ఓవర్‌హాల్‌కి వెళ్ళేదాకా అది మారుతూనే ఉంటుంది. ఒకే బండిలో పెట్టెలు ఒకేసారి ఓవర్‌హాల్‌కి వెళ్ళవు కాబట్టి ఒకే బండిలో నాలుగు మెరూన్లు పక్కపక్కన ఉంటాయి. మోడల్ చేసేవాళ్ళు ఎనిమిది పెట్టెలకీ ఒకే డబ్బాలోంచి రంగేస్తే బండి బొమ్మలా కనపడేది అందుకే.

ఇక మిగిలింది చూసినవాళ్ళ జ్ఞాపకం. మా తాతయ్యది చిక్కడపల్లి. 1979 నుంచి ఏడేళ్ళు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం, సోమవారం పొద్దున కాచిగూడలో బండెక్కి శనివారం తిరిగొచ్చేవారు. ఆ పెట్టెల్ని అంత దగ్గర్నుంచి, అన్నిసార్లు చూసినవాళ్ళు నాకు ఇంకెవరూ తెలీదు. "తాతా, ఏ రంగుండేది?" అనడిగితే ఆయన మెరూన్ అన్లేదు.

"మెరూన్ గాదు బిడ్డా. కొత్తగ పెయింటేసుకొని అస్తే కుంకుమల ఇంత జేగురు కలిపినట్టుండె. ఒక ఎండకాలం పోయినంక వక్క రంగు. రెండు వానకాలాలు పడినంక పాత ఇటుక, అంతే."

నాకు "జేగురు" అనే మాటే కొత్త. ఇంగ్లిష్ మీడియం చదువు, క్షమించాలి. చిక్కడపల్లి లైబ్రరీకెళ్ళి, గ్రూప్స్ పుస్తకాలతో కుస్తీ పడుతున్నవాళ్ళ మధ్య ఒక కుర్చీ సంపాదించి నిఘంటువు తీశాను. జేగురంటే గైరికం, ఎర్రమట్టి. రసాయనం లెక్కన చూస్తే ఐరన్ ఆక్సైడ్, తుప్పు కుటుంబమే. ఐఎస్ 5లో 446 నంబర్ రెడ్ ఆక్సైడ్ పేరులో ఉన్నదీ అదే. చౌక, ఎండకి త్వరగా వెలవదు. ఇక్కడ ఇంకోటి గమనించండి. తాతయ్య చెప్పింది ఒక రంగు కాదు, ఒకే పెట్టెకి మూడు రంగులు, మూడింటికీ వయసుతో సహా. ఫోటో, నంబర్ రెండూ ఇవ్వలేని సమాచారం అది. మన రంగుల పేర్లు చాలావరకు వస్తువుల పేర్లే: వక్క, ఇటుక, వంకాయ, చిలకాకుపచ్చ. ఆ వస్తువుని కొనుక్కొచ్చి ఎదురుగా పెట్టుకోవచ్చు. నేను నిజంగానే నారాయణగూడ మార్కెట్లో పది రూపాయల వక్కలు కొన్నాను.

అయితే జ్ఞాపకాన్ని కూడా పరీక్షించాలి కదా. తాతయ్యకి కుడి కన్ను శుక్లం ఆపరేషన్ అయ్యి ఏడు నెలలైంది. ఎడమది ఇంకా కాలేదు. శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపు, గోధుమ రంగుకి తిరుగుతుంది, నీలం వైపు వెలుతురుని ఆపేస్తుంది, మొత్తం వెలుతురూ తగ్గిస్తుంది. చిత్రకారుడు మోనే 1923లో ఆపరేషన్ చేయించుకున్నాక తనకి కనపడే రంగులు మారిపోయాయని గోలపెట్టాడంటే అర్థం చేసుకోవచ్చు. నేను ఐదు అట్టముక్కలకి ఐదు రకాల ఎర్ర గోధుమ రంగులు వేసి, డాబా మీద పొద్దున పదింటికి నీడలో పెట్టాను. ఒక్కో కన్ను మూసి, ఒక ఎండాకాలం తిన్న పెట్టె రంగేదో చూపించమన్నాను. కుడి కన్నుతో రెండోది అన్నారు. ఎడమ కన్నుతో నాలుగోది, అంటే కొంచెం లేతగా, కొంచెం గులాబీ వైపున్నది. "అరే, గిదేందిరా" అని ఆయనే నవ్వారు.

రెండింట్లో దేన్ని నమ్మాలి? ఎడమ కన్ను వెలుతురునీ నీలాన్నీ మింగేస్తోంది కాబట్టి, గుర్తున్న రంగు కనపడాలంటే ముక్కలో అవి కాస్త ఎక్కువుండాలి. అందుకే నాలుగోది. 1980 ప్రాంతంలో ఆయనకి ముప్ఫై మూడేళ్ళు, కటకాలు తేటగా ఉండేవి. ఇప్పుడు కుడి కంట్లో పెట్టిన కృత్రిమ కటకం కూడా తేటదే. అంటే కాచిగూడ ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూసిన కన్నుకి ఇప్పుడు దగ్గరగా ఉన్నది కుడిది. రెండో ముక్కని తీసుకున్నాను. ఎడమ కన్నుకి ఆపరేషన్ వచ్చే నెల. ఆ తర్వాత పోల్చి చూడ్డానికి రెండు కళ్ళుండవు, అందుకే సెమిస్టర్ పరీక్షలున్నా ఈ పని ఆపలేదు. ఆయనకి డెబ్బై ఎనిమిది. ఆయనతో కలిసి శనివారం బండిలో వచ్చినవాళ్ళలో ఇప్పుడు ఫోనెత్తేది ఇద్దరే.

సరే, కావాల్సిన రంగు తెలిసింది, కలపడం ఎలా? మనం స్క్రీన్ మీద కలిపేది వెలుతురు, పెయింట్‌లో కలిపేది వెలుతురుని మింగే పొడి. రెండు హెక్స్ కోడ్‌లకి సగటు తీస్తే పెయింట్ రాదు. దీనికి 1931లో పాల్ కుబెల్కా, ఫ్రాంజ్ ముంక్ ఒక లెక్క ఇచ్చారు. ఒక రంగు వెనక్కి పంపే వెలుతురు భాగాన్ని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, వెనక్కి పంపే భాగానికి రెట్టింపుతో భాగించాలి. ఆ అంకెకి సగటు తీయొచ్చు, వెలుతురుకి కాదు. తెలుపు 90 శాతం వెనక్కి పంపుతుందనుకోండి, దాని అంకె 0.0056. నలుపు 5 శాతం పంపితే 9.025. సగం సగం కలిపితే సగటు 4.515. దాన్ని తిరిగి వెలుతురులోకి మారిస్తే 9 శాతం! మామూలు సగటు 47 అని చెప్పేది. పది పాళ్ళలో ఒక్క పాలు నలుపున్నా 90 కాస్తా 28కి పడిపోతుంది. రెండు పొడులూ వెలుతురుని ఒకేలా చెదరగొడతాయనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి తెలుపు ఎక్కువ చెదరగొడుతుంది కాబట్టి అంత దారుణంగా ఉండదు. కానీ ముదురు రంగు ఎంత గడుసుదో తెలుస్తుంది.

నారాయణగూడలో కార్లకి టచప్ రంగులు కలిపే షాపాయన ఈ లెక్క చూడకుండానే ఇదే చెప్పాడు: "లేతలోకి ముదురు పొయ్యాలె తమ్మీ, ముదురులోకి లేత పోస్తే డబ్బా నిండుతది గానీ రంగు రాదు." ఇంకో మాట కూడా చెప్పాడు, తడి రంగుని నమ్మొద్దని. నీళ్ళతో కలిపే యాక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు లేతగా ఉంటుంది, ఆరేకొద్దీ ఆ పాల తెలుపు పోయి ముదురుతుంది. కాబట్టి చుక్క వెయ్యి, అట్ట మీద పులుము, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టు, అప్పుడు చూడు. చూడ్డం కూడా నమూనా మీదికి అంచు ఆనించి చూడాలి. మధ్యలో తెల్ల సందుంటే కన్ను మోసపోతుంది.

నా పాళ్ళు చుక్కల్లో: ఇండియన్ రెడ్ పది, క్రిమ్సన్ రెండు, బర్న్ట్ అంబర్ ఒకటి. ఇది కొత్త పెట్టె. ఒక ఎండాకాలం తిన్న పెట్టెకి, అంటే వక్క రంగుకి, క్రిమ్సన్ ఒకటికి తగ్గించి ఎల్లో ఓకర్ ఒకటి. నలుపు అస్సలు వాడను, ఎరుపులో నలుపు పడితే చచ్చిన రంగు వస్తుంది. మీ ట్యూబుల కంపెనీ వేరైతే పాళ్ళు మారతాయి, అందుకే ముక్క ముఖ్యం, పాళ్ళు కాదు. ఒక పెట్టెకి పది మిల్లీలీటర్లు కూడా పట్టదు గానీ ముప్ఫై కలిపి పెట్టుకోండి. రెండోసారి అదే రంగు ఎవరికీ రాదు.

ఏ వెలుతురులో చూడాలనేది విడిగా చెప్పాలి. రెండు పెయింట్లు ట్యూబ్‌లైట్ కింద అచ్చంగా ఒకేలా ఉండి ఎండలోకి తేగానే విడిపోవచ్చు, వాటిలో వాడిన పొడులు వేరైతే. దీన్ని మెటామెరిజం అంటారు. చీర బ్లౌజ్ మ్యాచింగ్ కోసం షాపు బయటికొచ్చి గుడ్డ పట్టుకుని చూసే అమ్మలందరికీ ఈ సంగతి తెలుసు, పేరే తెలీదు. అశోక్‌నగర్‌లో నా రూమ్ కిటికీ పక్క బిల్డింగ్ గోడకి తెరుచుకుంటుంది. ఆ గోడది లేత ఆకుపచ్చ, రూమ్‌లోకొచ్చే వెలుతురూ ఆకుపచ్చే. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మెట్రో నీడ. అందుకే ప్రతి ముక్కనీ తాతయ్య వాళ్ళ డాబా మీదికి మోశాను.

రంగు కుదిరాక కూడా మోడల్ మీద అది ఎక్కువ ముదురుగా కనిపిస్తుంది. ఇందులో కొంత మన చూపు. నేను మోడల్‌ని అరవై సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాను. దాన్ని 87తో గుణిస్తే 52 మీటర్లు. అంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి అంత దూరంలో ఉన్న బండిని చూసినట్టు. మధ్యలో గాలి, దుమ్ము రంగుని కొంచెం లేత చేస్తాయి. దాంతోపాటు చిన్న ముక్కలో ఏ రంగైనా ముదురుగానే అనిపిస్తుంది. మోడల్ చేసేవాళ్ళు అందుకే రంగుని కొంచెం లేత చేస్తారు. పుస్తకాల్లో తెలుపు కలపమంటారు, నీలానికీ బూడిదకీ అది సరే. మెరూన్‌లో తెలుపు పడితే మాత్రం పెప్టో గులాబీ! దానికి ఇంకో చుక్క ఎల్లో ఓకర్ చాలు.

ఇక వెయ్యడం. మొదటి పొర ప్రైమర్, అది బూడిద రంగైతే మంచిది. మెరూన్ పూర్తిగా మూసే రంగు కాదు, తెల్ల ప్రైమర్ మీద వేస్తే లోపల్నుంచి గులాబీ తన్నుకొస్తుంది. పెయింట్‌ని పాలంత పల్చగా చేసుకోవాలి. పొర మందం ఎందుకు ముఖ్యమో లెక్కేయండి: 0.05 మిల్లీమీటర్ల పెయింట్ అసలు పెట్టె మీద నాలుగు మిల్లీమీటర్ల పైన అవుతుంది. కిటికీ అంచులు, రివెట్లు అన్నీ అందులో మునిగిపోతాయి. ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ, నాలుగు పల్చటి పొరలు. లేకపోతే వెడల్పాటి మెత్తటి కుంచె, ఒక దిక్కుకే గీతలు, పొరకీ పొరకీ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో "ఆరింది" అనిపించినా ఒక రోజు ఆగండి. టేప్ అంటించి అంచు గీసేటప్పుడు ముందు కింది రంగునే టేప్ అంచు మీద ఒక పొర వేస్తే సందులు మూసుకుపోతాయి, పైరంగు లోపలికి పాకదు.

మెరుపు విషయంలో నా అభిప్రాయం గట్టిది. కొత్త పెట్టెకి సగం మెరుపు వార్నిష్, పాతదానికి మెరుపులేనిది, పూర్తి మెరుపు దేనికీ వద్దు. మెరుపు రంగుని ముదురు చేస్తుంది, వార్నిష్ మారిస్తే రంగు మారినట్టే. కాబట్టి నమూనా ముక్కకి కూడా అదే వార్నిష్ వేసి అప్పుడు పోల్చాలి.

ఆఖర్న మురికి. చక్రాల దగ్గర నల్ల రంగు వేసి వదిలెయ్యకండి. పోత ఇనుము బ్రేకు దిమ్మలు అరిగిన పొడి అంతా అక్కడే పడి తుప్పు పట్టి గోధుమ రంగులో ఉండేది. బర్న్ట్ అంబర్‌ని బాగా పల్చగా చేసి చక్రాల నుంచి పైకి, పెట్టె కింది అంచు దాకా మాత్రమే. పైకప్పుకి మసి, నలుపులో కొంచెం గోధుమ. తలుపు పక్క పట్టుకునే కడ్డీ దగ్గర మాత్రం మురికి వెయ్యొద్దన్నారు తాతయ్య, వెయ్యి చేతులు రుద్ది అక్కడ ఎప్పుడూ నున్నగా ఉండేదట. అక్కడ ఒక చుక్క మెరుపు వార్నిష్ పెట్టాను.

అన్నీ అయ్యాక మిగిలిన పెయింట్‌తో ఒక పెద్ద అట్టముక్క వేసి, వెనక రాసి పెట్టుకోండి: ఏ కంపెనీ ట్యూబులు, ఎన్ని చుక్కలు, ఏ ప్రైమర్, ఏ వార్నిష్, ఏ వెలుతురులో చూశారు, పెట్టె వయసెంత అనుకున్నారు. నా దాని వెనక "ఒక ఎండాకాలం, వక్క, కుడి కన్ను" అని కూడా ఉంది. గోడకి మాత్రం తగిలించకండి, కవర్లో పెట్టి బీరువాలో పెట్టండి. గోడ మీద ఎండకి అదీ ఇటుక రంగుకి తిరుగుతుంది.